గోవిందన్న ఇంటి వెనక కిటికీ

మా వీధిలో హేమలతను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఎదురుగా ఉంటే "ఆయమ్మ" అంటారు. ఆమె అటు తిరగగానే "పుండ్లామె" అంటారు. ఈ రెండో మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె పుండ్లు తెచ్చే మనిషి కాదు, కడిగే మనిషి. కానీ మా ఎమ్మిగనూరు నేతవీధికి నోరు పెద్దది, చెవులు చిన్నవి. ఇక్కడే పుట్టి, ఇక్కడి పిల్లలకే పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని, నాకు తెలియదా.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను ఆమె మతందాన్ని కాదు. ఆదివారం పొద్దున ఆమె ఒంటరిగా పాడుకునే పాటలంటే నాకు చిరాకు, ఆ గొంతుకు శ్రుతి అంటే ఏమిటో తెలియదు. మేం స్నేహితులం కూడా కాదు. మా పెరటి గోడకూ, గోవిందన్న ఇంటి వెనక గోడకూ నడుమ ఒక మనిషి పట్టేంత సందు ఉంది, అందులో ఒక మురికి కాలువ. ఆ సందులో జరిగినదంతా నా చెవులతో విన్నాను. అందుకని రాస్తున్నాను.

హేమలతది హాలహర్వి దగ్గర పల్లె. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడుతూ మా వీధి సోమప్పకు పెళ్ళామై వచ్చింది. వచ్చిన ఏడాదికే మగ్గం గుంటలో దిగి భర్తతో సమానంగా నేసింది. పిల్లలు కలగలేదు. సోమప్పకు వెన్నులో క్షయ వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. మంచాన పడ్డ మనిషికి నడుము కింద పుండు లేచింది, వాసన మొదలైంది, అన్నదమ్ములు గడప దగ్గర నిలబడి పలకరించి పోవడం మొదలైంది. చివరికి ఆదోని ఆసుపత్రిలో చేర్పిస్తే అక్కడ ఒక ముసలి నర్సు రోజూ ఆ పుండు కడిగేది. కడుగుతున్నంతసేపూ పెదాలు కదిలిస్తూ ఏదో అనుకునేది. మంత్రమేమో అని భయపడి హేమలత అడిగింది.

"ఈ మనిషి మీద నాకు అసయ్యం రానియ్యొద్దని అడుక్కుంటాండానమ్మా" అందట ఆ నర్సు.

సోమప్ప బతకలేదు. కానీ శుభ్రంగా పోయాడు, నొప్పి లేకుండా పోయాడు. ఆ మరుసటి ఏడాది హేమలత మాధవరం దగ్గర తుంగభద్రలో మునిగి బాప్తిస్మం తీసుకుని, తడి జుట్టుతో బస్సు దిగి వీధిలోకి నడిచి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. విధవరాలు, ఏదో ఒక దేవుణ్ణి పట్టుకుంది, పట్టుకోనీ అనుకున్నారు.

ఆమె ఆ దేవుణ్ణి పట్టుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆ నర్సు దగ్గర పని నేర్చుకుని, ఒక గుడ్డ సంచీ భుజాన వేసుకుని, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పోవడం మొదలుపెట్టింది. డబ్బు తీసుకోదు. పుండు కడుగుతుంది, ఒళ్ళు తుడుస్తుంది, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది, జుట్టు దువ్వుతుంది. అయ్యాక "ప్రార్థన చేసుకోనా" అని అడుగుతుంది. వద్దంటే సంచీ తీసుకుని లేస్తుంది. ఇష్టం లేని చోట ఆమె నోరు తెరిచిందని నేను ఎక్కడా వినలేదు, వినాలని చాలామంది చెవులు రిక్కించి ఉన్నా కూడా.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సుబ్బరామయ్యగారి భార్య అమృతవల్లికి చివరి రోజుల్లో సేవ చేసింది ఈమే. ఆమె పోయిన మూడో రోజున కొడుకు అమర్‌నాథ్ ఫోన్లో ఎవరో పంపిన ముక్క చదివాడు. సంచీ వేసుకుని తిరిగే ఆడవాళ్ళు చావు మంచం మీద ఉన్నవాళ్ళ మతం మార్చేస్తున్నారని అందులో ఉంది. పలకరించడానికి వచ్చిన హేమలతను గేటు దగ్గరే ఆపి, సంచీ లాక్కుని రోడ్డు మీద దులిపాడు. దూది, కత్తెర, ఉడకబెట్టిన గుడ్డపీలికలు ధాన్యం బండ్ల కింద పడ్డాయి. "మా యమ్మను ఏం సేసినావో సెప్పు" అని అరిచాడు. ఆమె ఒకటొకటిగా ఏరుకుని, మట్టి అంటినవి పక్కన పెట్టి, బస్సెక్కింది. ఆ బస్సు కన్నా ముందే ఆ సంగతి మా వీధికి చేరింది.

మా వీధికి పెద్ద గోవిందన్న. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. నేత పనిలో మొనగాడు, మాట ఇస్తే తప్పడు, వీధిలో ఎవరింట్లో చావైనా ముందు కట్టెలు మోసేది ఆయనే. తనకు తోచిందే ధర్మమనుకుంటాడు, అదే ఆయన జబ్బు. ఆయన ఒక్క మాట అన్నాడు, హేమలత పడుగుకు ఎవరూ చెయ్యి వేయకూడదని.

నేతవాళ్ళు కానివారికి ఈ శిక్ష ఎంత పెద్దదో అర్థం కాదు. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచే నూలు. దానికి గంజి పెట్టడం ఒక ఇంటి పని కాదు. తెల్లవారుతూనే వీధి పొడవునా సాగదీసి కడతారు. గంజి పూసి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి, అతుక్కున్న పోగులను విడదీయాలి. అటొకరు ఇటొకరు, నడుమ ఇద్దరు ముగ్గురు లేకపోతే కాదు. అందుకని మా దగ్గర ఎవరి పడుగు బయట ఉన్నా దారిన పోయేవాళ్ళు ఆగి ఒక చెయ్యి వేస్తారు. పిలిచేది ఉండదు, మెచ్చుకునేది ఉండదు. తగాదాలో ఉన్నవాళ్ళు కూడా మొహం తిప్పుకుని చెయ్యి వేసి పోతారు.

ఆ మాట తర్వాత పడుగు పరిచిన రోజు హేమలత ఒక్కతే ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తింది. వీధంతా అరుగుల మీద కూర్చుని చూసింది. ఆమె ఒక వైపు దువ్వేసరికి రెండో వైపు ఎండిపోయింది. పోగులు తాళ్ళలా పేనుకుపోయాయి. ఎండలో కూర్చుని గోళ్ళతో ఒక్కొక్క పోగూ విడదీస్తూ ఉంటే ఎవరింట్లోనో నవ్వు వినపడింది. ఆ నూలు ఇక దేనికీ పనికిరాలేదు. తర్వాత మగ్గం అమ్మేసి, పక్క వీధిలో కూలికి నూలు కండెలు చుట్టుకుంటూ బతికింది. పుండ్లు కడగడానికి పోవడం మాత్రం మానలేదు. ఆదోని సంఘం పాస్టర్ జయరాజు వచ్చి, "ఈ ఊర్లో ఎందుకమ్మా, ఆదోనికి రా, గది చూపిస్తాం" అన్నాడు. "ఆదోనిలో కడిగేవాళ్ళు ఉండారు సారూ, ఈడ లేరు" అని పంపించేసింది.

అప్పుడు గోవిందన్న తల్లి కస్తూరమ్మకు పక్షవాతం వచ్చింది.

ఒక వైపు పడిపోయింది కానీ నోరు పడలేదు. ఆ నోరు మా వీధిలో పేరు పొందిన నోరు. నెల తిరగకుండానే నడుము కింద పుండు లేచింది. కూతుళ్ళు ఇద్దరూ వచ్చారు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూశారు, అరటిపండ్లు పెట్టి పోయారు. గోవిందన్న భార్య లేని మనిషి. కొడుకు విజయ్ ఆదోనిలో బట్టల కొట్టుకు పొద్దున పోయి రాత్రికి వస్తాడు. కోడలు మాధురి చిన్నపిల్ల, చూడడానికే భయపడేది. అయినా గోవిందన్న తల్లికి ఏ లోటూ చేయలేదు. డాక్టరును తెచ్చాడు, మందులు తెచ్చాడు. పుండుకు కట్టడానికి పాత గుడ్డ వాడొద్దని, తన మగ్గం మీది నుంచి అప్పుడే కోసిన కొత్త గుడ్డ చించి కట్టించాడు.

నేతవాడు తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఇది. మగ్గం మీది నుంచి దిగిన గుడ్డ నిండా గంజి. అది పుండు తడికి మెత్తబడి, ఆరగానే అట్ట కట్టి, మాంసానికి అతుక్కుంటుంది. కట్టు విప్పిన ప్రతిసారీ తోలు ఊడి వచ్చేది. కస్తూరమ్మ అరుపు వీధి చివరిదాకా వినిపించేది. పుండు పెద్దదైన కొద్దీ గోవిందన్న ఇంకా మంచి గుడ్డ, ఇంకా దళసరి గుడ్డ కోశాడు. తల్లి మీద అంత ప్రేమ.

హేమలత ఆ అరుపు విన్న రెండో రోజే పోయింది. గోవిందన్న గుమ్మంలోనే నిలబెట్టాడు.

"అన్నా, కొత్త గుడ్డ కట్టొద్దు. గంజి అతుక్కుంటాది. ఉతికి ఉతికి నలిగిన పాత సీర ఉంటే..."

"నా మగ్గం గుడ్డకు వంక పెట్టేదానివా నువ్వు?"

"వంక కాదన్నా. నన్ను ఒక్కసారి కడగనీ."

గోవిందన్న వీధి వైపు చూశాడు. అందరూ చూస్తున్నారని చూసుకుని, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"కడుగు. నాకేం అడ్డం లేదు. దేవళం ముందర నిలబడి, ఆ మతం ఇడిసిపెట్టినానని ఒక్క మాట సెప్పి రా. నా ఇల్లు నీకు తెరిసి పెడతా, నీ పడుగుకు నేనే వచ్చి సెయ్యేస్తా."

"నీ ఇంట్లో నోరు తెరవనన్నా. నీ తల్లి ముందర ఆ పేరే ఎత్తను. సాలదా?"

"సాలదు. పాణం పోయేటప్పుడు మా యమ్మ నోట్లో ఎవురి పేరు ఉంటాదో నాకు తెలియాల. ఆ పొద్దు నువ్వు పక్కన ఉండి ఏం నూరిపోస్తావో ఎవురు సూడొచ్చినారు? ఇడిసినానని సెప్పు."

"ఇడిసినానని అబద్ధం సెప్పలేనన్నా."

"అయితే పో."

తలుపు పడింది. లోపల కస్తూరమ్మ అరుపు మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రానికి వీధి అంతా ఒకే మాట. చూశారా, ముసలామె ఎంత ఏడ్చినా దీనికి తన మతమే ముఖ్యం, సేవ అంతా నాటకం అని. మర్నాడు హేమలత అటు పోతుంటే ఒకావిడ అరుగు మీది నుంచి పులిసిన గంజినీళ్ళు ఆమె కాళ్ళ మీద పడేట్టు పారబోసింది. చూడకుండా పోశానంది. పట్టపగలు, వీధి మధ్యలో.

నాకు హేమలత మీదే కోపం వచ్చింది. రెండు రోజులు ఆ అరుపులు నా వంటింట్లోకి వచ్చాయి, ముద్ద మింగుడుపడలేదు. మూడో రోజు ఆమె ఇంటికి పోయి నిలదీశాను. "ఒక్క మాట. గాలికి పోయే మాట. చెప్పేస్తే ముసల్దానికి బాధ తప్పుతుంది. నీ దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకోడా?" అన్నాను.

ఆమె కండె చుట్టడం ఆపలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

"అక్కా, నాకు గూడా వాసన వస్తాదక్కా" అంది. "మా ఆయన పుండు నేనే కడగలేక పోయినా. ముట్టుకుంటే కక్కుకునేదాన్ని. ఆ పేరు సెప్పుకున్నంకనే పుండు మీదికి నా సెయ్యి పోతాండాది. దేవళం ముందర అది ఇడిసినానని సెప్పి కస్తూరమ్మ దగ్గరికి పోతే, ఏ సేతుల్తో కడగల్ల?"

నాకు ఉక్రోషం తగ్గలేదు. లేచి వచ్చేశాను.

ఆమె మాత్రం ఊరుకోలేదు. కస్తూరమ్మ మంచం ఉన్న గదికి మా సందు వైపు ఒక చిన్న కిటికీ ఉంది, మనిషి తల కన్నా ఎత్తులో. గోవిందన్న రోజూ పొద్దున నూలుకు బయటికి పోతాడు. ఆ సమయంలో హేమలత సందులోకి వచ్చి, కాలువకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడి, సన్నగా పిలిచింది.

"మాధురీ. అమ్మా మాధురీ. నీ పాత సీర ఒకటి ఉంటే ఉడకబెట్టి ఆరెయ్యి తల్లీ."

మొదట ఆ పిల్ల కిటికీ రెక్క వేసేసింది. మరుసటి రోజు కస్తూరమ్మే లోపలి నుంచి కసిరింది. "వాకిలి మూస్తే నా కొడుకు మూసినాడు, కిటికీ మూసేదానికి నువ్వెవతివే? సెప్పేది ఇను" అని. అట్లా మొదలైంది. హేమలతకు లోపల ఏమీ కనపడదు. మాధురి చెప్పింది విని చెప్పడమే. కట్టును లాగొద్దు, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో నానబెట్టు, గంజి కరిగి అదే వదులుతుంది. పుండును రుద్దొద్దు. ఏ రంగు ఉందో చెప్పు. అంచు ఎర్రగా ఉంటే మంచిదే, నల్లగా ఉంటే డాక్టరుకు చూపించు. మాధురి ఒకసారి వాంతి చేసుకుంది, రెండుసార్లు ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. కట్టు విప్పేటప్పుడు వచ్చే ఆ అరుపు ఆగిపోయింది. నేను ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను.

పని అయ్యాక హేమలత వెళ్ళబోతుంటే ఒక రోజు కస్తూరమ్మ ఆపింది. "నీ దేవునికి నా పేరు సెప్పవా? ఊరందరి పేర్లూ సెప్తావంట."

"నీకు ఇష్టమైతే సెప్తానవ్వా."

"సెప్పు. నా దేవునికి నేను సెప్పుకుంటా, నీ దేవునికి నువ్వు సెప్పు. ఇద్దరిలో ఎవురికి తీరిక ఉంటే వాళ్ళు సూస్తారు."

అప్పటి నుంచి రోజూ చివర రెండు మాటలు ప్రార్థన. ఎక్కువ లేదు, కాలువ కంపులో ఎక్కువసేపు నిలబడలేరు కూడా.

పుండు మానుముఖం పడుతుండగా గోవిందన్నకు తెలిసింది. ఎవరు చెప్పారో నాకు తెలుసు, ఆ గంజినీళ్ళావిడే. ఆయన అరవలేదు. కిటికీకి బయట నుంచి అడ్డంగా రెండు పలకలు పెట్టి మేకులు కొట్టాడు. కొడుతున్నంతసేపూ కస్తూరమ్మ లోపల నుంచి తిడుతూనే ఉంది. మర్నాడు తెల్లవారగానే మాధురిని ఆదోనిలో పుట్టింటికి పంపించేశాడు. తన గడపలో తన మాట కాదన్న కోడలు కొన్నాళ్ళు అక్కడే ఉండి బుద్ధి తెచ్చుకోవాలట.

ఆ రెండు రోజులూ హేమలత ఊళ్ళో లేదు. కృష్ణగిరిలో ఎవరికో బాగాలేదంటే పోయింది. తిరిగి వచ్చిన పొద్దున నేరుగా సందులోకే వచ్చింది. నేను పెరట్లో గుడ్డలు ఆరేస్తున్నాను. పలకలు చూసి, చెయ్యి చాపి తడిమింది. మాధురి లేదని, గోవిందన్న ఈ పూట నూలుకు పోలేదని చెబుదామని నేను గోడ దగ్గరికి వచ్చేసరికే ఆమె మునివేళ్ళ మీద లేచి, పలకల వైపు నోరు పెట్టి మొదలుపెట్టేసింది.

"మాధురీ, భయపడొద్దు. నువ్వు మాట్లాడాల్సిన పని ల్యాదు. నేను సెప్తా, నువ్వు సెయ్యి. నీళ్ళు కాచి ఉంచినావా?"

లోపల గిన్నె కదిలిన చప్పుడు వినపడింది.

"సరే. ముందు అవ్వ మోకాలు మడిచి, నడుము కింద సెయ్యి పెట్టి, నీ వైపు తిప్పుకో. లాగొద్దు. కట్టు మీద నీళ్ళు పిండి కాసేపు ఉండు."

నీళ్ళు పిండిన చప్పుడు. మంచం కిర్రుమంది. తర్వాత కస్తూరమ్మ గొంతు, స్పష్టంగా.

"మెల్లగరా గోవిందూ. నడుము ఇరగ్గొడతావేమి."

హేమలత ఆగిపోయింది. చెయ్యి పలక మీద అలాగే ఉంది. నేను తడి గుడ్డ పట్టుకుని గోడ ఇవతల బిగుసుకుపోయాను. పరిగెత్తు, పిచ్చిదానా, అనుకున్నాను మనసులో.

"ఆపినావేమి" అంది లోపలి నుంచి గోవిందన్న గొంతు, రాయి లాగా. "సెప్పు."

ఆమె మళ్ళీ పలకల వైపు తల ఎత్తింది.

"కట్టు వదులైందా అన్నా?"

"అయింది."

"రుద్దొద్దు. అద్దల్ల. గుడ్డ తడిపి, పిండి, అద్దుకుంటా పో."

"నాకు నేర్పించేదానివా."

"నేర్పమనే గదన్నా, ఆపినావేమని అడిగితివి."

లోపల గుడ్డ పిండిన చప్పుడు వినపడింది. మధ్యలో ఒకసారి వాంతి వచ్చి ఆపుకున్నట్టు గొంతు వినపడింది. కస్తూరమ్మ, "మొగం అట్ల తిప్పుకోని యాడ కడుగుతాండావు? పుండు ఈడుంది" అంది. హేమలత ఒకటి చెప్పడం, లోపల అది జరగడం, మళ్ళీ ఒకటి చెప్పడం. కొత్త కట్టు కట్టడం కూడా అయిపోయింది.

ఇక ఆమె పోవచ్చు. పోతే ఆమె గెలిచినట్టే, రేపు మళ్ళీ రావచ్చు. నోరు తెరిస్తే ఈ పలకల నడుమ సందు కూడా మూసుకుపోతుంది, కస్తూరమ్మ పుండు మళ్ళీ మొదటికొస్తుంది. ఇదంతా నేను లెక్క వేసుకున్నాను. హేమలతకూ తెలుసు, అయినా పలక మీది చెయ్యి తీయలేదు.

"అవ్వా, నీ పేరు సెప్పుకోనా?" అని అడిగింది, రోజూ అడిగే గొంతుతోనే.

"అడిగేదేముంది, సెప్పు" అంది కస్తూరమ్మ.

హేమలత కళ్ళు మూసుకుంది. "ప్రభువా, కస్తూరమ్మకు ఈ రేయి నిద్ర పట్టనియ్యి. కడిగిన సేతులకు బలమియ్యి. ఆమెన్." రోజూ ఇవే మాటలు. ఒక్కటి తగ్గించలేదు, గొంతు తగ్గించలేదు.

ఆయన బయటికి వచ్చి సందులోకి తిరుగుతాడని నేను వీధి వైపే చూస్తున్నాను. లోపలే అడుగుల చప్పుడు పలక దగ్గరికి వచ్చింది.

"అయిపాయనా నీది? అయిపోయింటే సెప్పు" అన్నాడు గోవిందన్న. "ఈ పక్కకు తిప్పి ఎంతసేపు పండబెట్టల్ల?"

"రెండు గంటలన్నా" అంది హేమలత.